పొగ తక్కువ పొయ్యి: కొనే ముందు నాలుగు ఉత్తరాలు

ఈ నెల ఉత్తరాల్లో పొయ్యి గోలే ఎక్కువ. గ్యాస్ ఖర్చు ఒక కారణం, కట్టెల మీద వండిన పప్పుచారు మీద మోజు ఇంకో కారణం, ఫోన్ తెరిస్తే కనిపించే తళతళలాడే స్టీలు పొయ్యిల ఫోటోలు మూడోది. వాటిలో నాలుగు ఉత్తరాలకి ఇక్కడ జవాబు ఇస్తున్నాను. మిగతావాళ్లు మీ సందేహం ఇందులో ఉందేమో వెతుక్కోండి, ఉంటుంది.

మాది 120 గజాల సొంత ఇల్లు, పైన డాబా ఖాళీగానే ఉంది. మా అత్తగారు తెనాలి దగ్గర పల్లెటూరి నుంచి మా దగ్గరికి వచ్చేశారు. స్నానానికి నీళ్లు, ఆదివారం కోడికూర, పండక్కి అరిసెలు డాబా మీద కట్టెల పొయ్యి పెట్టి చేసుకుందామని ఆవిడ ఆశ. పక్కింటి కిటికీ మా డాబాకి పది అడుగుల్లో ఉంది, ఆ ఇంట్లో పెద్దాయనకి ఆయాసం. రాకెట్ పొయ్యి, ఫ్యాన్ పొయ్యి, గ్యాసిఫైయర్ అని రకరకాలు చూపిస్తున్నారు, అందరూ "పొగ రాదండి" అనే అంటున్నారు. ఏది తీసుకోమంటారు?
*– ఒక గృహిణి, విజయవాడ*

"పొగ రాదండి" అన్నవాళ్ల మాట ముందు పక్కన పెట్టండమ్మా. పొగ అంటే కట్టెలోంచి బయటికొచ్చి, మండకుండానే తప్పించుకుపోయిన సరుకు. కట్టె వేడెక్కితే ముందు అందులోని నీరు పోతుంది, తర్వాత 250, 300 డిగ్రీల దగ్గర వాయువులు వదలడం మొదలుపెడుతుంది, ఆ వాయువులు పూర్తిగా మండాలంటే 600 డిగ్రీల పైన వేడి, సరిపడా గాలి, ఆ రెండూ కలవడానికి కాస్త చోటు కావాలి. మూడు రాళ్ల పొయ్యిలో నాలుగు వైపుల నుంచీ చల్లగాలి కొడుతుంది, మంట సగంలోనే గిన్నె అడుగుకి తగిలి చల్లబడిపోతుంది, ఇక మిగిలేది కళ్ల మంటే. మంచి పొయ్యి మంటని ఒక చిన్న వేడి గదిలో కాసేపు ఆపి, ఆ సరుకుని అక్కడే కాల్చేస్తుంది. అయినా వెలిగించిన మొదటి ఐదు పది నిమిషాలు, కొత్త పుల్ల పెట్టినప్పుడు, ఆఖర్న ఆర్పేటప్పుడు పొగ వస్తుంది. ఏ కంపెనీదైనా అంతే.

మన దేశంలో ఈ పొయ్యిలకి ఐఎస్ 13152 అనే బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఫ్యాన్ లేని ఇంటి పొయ్యి కట్టెలోని వేడిలో కనీసం 25 శాతం గిన్నెకి అందించాలి, ఫ్యాన్ ఉన్నదైతే 35 శాతం. గిన్నెకి చేరిన ఒక్కో మెగాజౌల్ వేడికి పొగలోని ధూళి మొదటి రకంలో 350 మిల్లీగ్రాములు, రెండో రకంలో 150 దాటకూడదు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు రెండిట్లోనూ 5 గ్రాముల లోపు ఉండాలి. చూశారా, పరీక్ష పాసైన పొయ్యికి కూడా ఇంత పొగ వదలొచ్చని లెక్క రాసే ఉంది. కాబట్టి షాపులో "పొగ వస్తుందా రాదా" అని కాదు, "ఈ ప్రమాణానికి టెస్ట్ చేయించారా, కాగితం ఉందా" అని అడగండి. నీళ్లు నమిలితే బయటికి వచ్చేయండి.

ఇప్పుడు రకాల సంగతి. రాకెట్ పొయ్యిలో పుల్లలు పక్క నుంచి దూర్చాలి, మంట లోపల మలుపు తిరిగి నిలువు గొట్టంలోంచి పైకి లేస్తుంది. పుల్లల కింద ఒక చిన్న పలక ఉంటుంది, గాలి దాని కింద నుంచి వెళ్లాలి, కానీ మనవాళ్లు మొదట చేసే తప్పే ఆ పలక కింద కూడా పుల్లలు కుక్కడం. గ్యాసిఫైయర్‌లో చిన్న ముక్కలు డబ్బా నిండా ఒకేసారి నింపి పైనుంచి వెలిగించాలి. మంట నీలంగా, ముచ్చటగా వస్తుంది, అడుగున బొగ్గు మిగులుతుంది, కానీ సరుకు అయిపోతే మధ్యలో నింపడం కష్టం, కోడికూర సగం ఉడికాక ఈ గొడవ మీకు అక్కర్లేదు. ఫ్యాన్ పొయ్యి మూడింట్లో శుభ్రమైనది, నిజమే. దానికి కట్టెని వేలెడంత ముక్కలుగా కొట్టి పెట్టాలి, బ్యాటరీ చార్జింగ్ చూసుకోవాలి. మీ ఇంట్లో ఆ ముక్కలు రోజూ ఎవరు కొడతారో ముందు తేల్చుకోండి. అత్తగారు కొట్టరు.

మీకు రాకెట్ పొయ్యే నయం. పుల్ల లోపలికి తోస్తే మంట పెరుగుతుంది, వెనక్కి లాగితే తగ్గుతుంది, పల్లెటూరి చేతికి అలవాటైన పనే ఇది. లోపలి గొట్టం పల్చటి ఇనప రేకు కాకుండా స్టెయిన్‌లెస్ స్టీలుదై ఉండాలి, చుట్టూ వేడి పోకుండా ఏదైనా నింపి ఉండాలి. నేను ఒకసారి బరువు తక్కువని మోజుపడి రేకుది కొన్నాను, ఒక్క వేసవి దాటేసరికి లోపలి గొట్టం జల్లెడైంది. కొనేటప్పుడు మీ ఇంట్లో వాడే పెద్ద గిన్నె పట్టుకెళ్లి, నిండా నీళ్లు పోసి పైన పెట్టి చూడండి, ఊగితే వద్దు. అందుకే అరిసెలకి మాత్రం ఇది పనికిరాదు, ఇరుకు పొయ్యి మీద వెడల్పు బాండీ, అందులో కాగిన నూనె, పక్కన పిల్లలు! అరిసెలు కింద గ్యాస్ మీదే వండమనండి. కావాలంటే ఆ కోపం నా మీదికి తోసేయండి.

స్నానం నీళ్ల లెక్క చూద్దాం. 20 లీటర్ల నీళ్లని 25 డిగ్రీల నుంచి 45కి తేవడానికి గీజర్‌కి దాదాపు అర యూనిట్ కరెంటు చాలు. అదే పని మంచి రాకెట్ పొయ్యి అర కిలో ఎండు కట్టెతో చేస్తుంది, మూడు రాళ్ల పొయ్యికైతే కిలో అటూ ఇటూ కావాలి. మీ అడితిలో కిలో కట్టె ఎంతో, మీ కరెంటు యూనిట్ ఎంతో పక్కపక్కన పెట్టి చూడండి, కొన్న కట్టెతో పెద్దగా మిగిలేదేమీ ఉండదు. కొబ్బరి మట్టలు, చెట్టు కొట్టిన కొమ్మలు ఊరికే దొరికితే అది వేరే సంగతి. పైగా రోజూ తెల్లవారుజామున, గాలి కదలని వేళ, ఆయాసం ఉన్న మనిషి కిటికీకి పది అడుగుల్లో పొయ్యి రాజేయడం న్యాయం కాదు. నీళ్లకి గీజర్, ఆదివారం కూరకి పొయ్యి. అది కూడా డాబాలో ఆ కిటికీకి దూరపు మూల పెట్టి, ముందు వాళ్లకో మాట చెప్పి, గాలి అటు తిరిగిన రోజు మానేసి.

ఒక్క జాగ్రత్త. పొయ్యిని డాబా మీద నేరుగా పెట్టకండి, వేడికి టైల్స్ పగులుతాయి, కింద వేసిన వాటర్‌ప్రూఫింగ్ పాడవుతుంది. రెండు వరసల ఇటుకలు పేర్చి మధ్యలో ఇసుక పోసి దాని మీద పెట్టండి, ప్లాస్టిక్ ట్యాంకుకీ బట్టల తీగకీ దూరంగా. గిన్నె అడుగున మట్టి పూత సంగతి మీకు అత్తగారే చెబుతారు, మసి తోమడం సగం తగ్గుతుంది.

నేను రిటైర్డ్ టీచర్ని. మా చిన్నప్పుడు ఇంట్లో రంపపు పొట్టు పొయ్యి ఉండేది, మధ్యలో కర్ర నిలబెట్టి చుట్టూ పొట్టు దట్టించి, కర్ర లాగేసి వెలిగిస్తే గంటల తరబడి మండేది. ఇప్పుడు కొన్న స్టీలు పొయ్యి మాత్రం పొగలు కక్కుతోంది. దుకాణం వాడేమో మా కట్టె బాగాలేదంటున్నాడు. నిజమేనా?
*– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం*

మాస్టారూ, కోప్పడకండి, బహుశా దుకాణం వాడిదే నిజం. మీ పాత పొయ్యిలో పొట్టు ఎండి ఉండేది, గాలికి మధ్యలో బొక్క ఉండేది, అందుకే నడిచింది.

పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీరే ఉంటుంది. ఆ నీటిని ఆవిరి చేయడానికే కట్టె తన వేడిని ఖర్చు పెట్టుకుంటుంది, పొయ్యి లోపల వేడి ఎక్కదు, వాయువులు మండవు, ఇక మీరు ఊదుగొట్టంతో ఎంత ఊదినా కళ్లు ఎర్రబడటమే తప్ప లాభం లేదు. తేమ 20 శాతం లోపుకి రావాలి. మీటర్లు దొరుకుతాయి కానీ అవసరం లేదు, వంటింటి త్రాసు చాలు. ఒక ముక్క మీద గుర్తు పెట్టి, వారానికోసారి తూచి రాసుకోండి, బరువు తగ్గడం ఆగిపోతే ఎండినట్టు. లేదా రెండు ముక్కలు ఒకదానికొకటి కొట్టండి, ఎండినవైతే ఠంగుమంటాయి, పచ్చివైతే మద్దెల మీద తడిగుడ్డ కప్పినట్టు బద్దకంగా మోగుతాయి.

మీ వైపు సరుగుడు బాగా దొరుకుతుంది, మంచి కట్టె, గట్టిది. తుమ్మ కూడా గట్టిదే, నిప్పులు చాలాసేపు నిలుస్తాయి, కానీ రాజుకోవడానికి బద్దకం, అందుకని ముందు చితుకులు, కొబ్బరి ఈనెలు, తర్వాత సన్న సరుగుడు, ఆ పైన తుమ్మ. ఏదైనా బొటనవేలి లావున చీల్చండి. దుంగ పెట్టి పొయ్యిని తిట్టడం భావ్యం కాదు. మామిడి కొమ్మలు కోసి వెంటనే తెచ్చి పెట్టకండి, ఒక వేసవి ఎండనివ్వండి, వానాకాలం పైన కప్పు ఉండాలి కానీ పక్కలు మూయకూడదు, గాలి ఆడాలి.

రంగు వేసిన తలుపు ముక్కలు, ప్లైవుడ్, లామినేట్ చెక్కలు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, ఆ పొగలో ఉండేది కట్టె ఒక్కటే కాదు. అంటించడానికి పాలిథిన్ కవర్లు, సైకిల్ ట్యూబు ముక్కలు వాడే అలవాటు మనకి ఉంది, మానేయండి. సరుకుల పెట్టెల చెక్క తెచ్చుకుంటే దాని మీద ముద్ర చూడండి, హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే పురుగుమందు పట్టించినది, రెండోది ముట్టుకోవద్దు.

పొయ్యిలదే కాదు తప్పు అని ఎందుకంటున్నానంటే, ఈ కథ మనకి పాతదే. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీలో ఎస్.పి. రాజు గారు 1950ల నాటికే గొట్టం పెట్టిన పొగలేని పొయ్యిని తయారు చేశారు, ఆ సంస్థ పేరుతోనే దాన్ని హెచ్‌ఈఆర్‌ఎల్ చుల్లా అనేవారు. 1980లలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల కార్యక్రమం పెట్టి, 2002లో ఆపేసే దాకా కోట్లలో పొయ్యిలు కట్టించింది. అవి ఎన్ని మిగిలాయో మీ వైపు పల్లెటూళ్లలో మీకే తెలుసు. గొట్టంలో మసి పేరుకుంటే దులిపేవాళ్లు లేక, పగిలితే మళ్లీ కట్టేవాళ్లు లేక, జనం తిరిగి మూడు రాళ్ల దగ్గరికే వచ్చారు. మీ స్టీలు పొయ్యికీ గాలి రంధ్రాలుంటాయి, వారానికోసారి ఒక పుల్లతో పొడిచి బూడిద దులపండి. సగం పొగ అక్కడే పోవచ్చు.

మేం తూర్పు లండన్‌లో ఉంటాం. పాత వరస ఇల్లు, హాల్లో వాడని ఫైర్‌ప్లేస్ ఉంది. గ్యాస్ హీటింగ్ ఉంది కానీ చలికాలం సాయంత్రాలు ఒక చిన్న కట్టెల స్టవ్ ఉంటే బాగుంటుందని మావారి కోరిక. హాలు 4 మీటర్ల పొడవు, 3.6 వెడల్పు, 2.6 ఎత్తు. షోరూమ్ వాళ్లు 8 కిలోవాట్లది తీసుకోమన్నారు. మా పాపకి నాలుగేళ్లు. సలహా చెప్పండి.
*– ఒక పాఠకురాలు, లండన్*

8 కిలోవాట్లు మీ హాలుకి చాలా ఎక్కువ. అక్కడివాళ్లు వాడే మోటు లెక్క ఒకటుంది, గది ఘనపరిమాణాన్ని క్యూబిక్ మీటర్లలో తీసి 14తో భాగించాలి. మీది 37 పైచిలుకు, భాగిస్తే 2.7 కిలోవాట్లు వస్తుంది. 4 కిలోవాట్ల చిన్న స్టవ్ దండిగా సరిపోతుంది. పెద్దది కొంటే గది ఉడికిపోతుంది, మీరు గాలి తలుపు మూసి మంటని నీరసపరుస్తారు, నీరసపు మంట పొగా తారూ కక్కుతుంది, అద్దం నల్లబడుతుంది, తారు గొట్టంలో గడ్డకట్టి ఒకరోజు అదే అంటుకోవచ్చు. చిన్న స్టవ్‌ని ధాటిగా మండించడమే మంచి పద్ధతి. ఇంకో సౌకర్యం, పాత ఇళ్లలో 5 కిలోవాట్ల లోపు స్టవ్‌కి గోడలో శాశ్వతంగా తెరిచి ఉండే గాలి రంధ్రం మామూలుగా అడగరు.

మీ ఊరికి పొగతో చేదు చరిత్ర ఉంది. 1952 డిసెంబరులో ఐదు రోజులు కమ్మిన పొగమంచుకి వేల మంది పోయారు, దాని తర్వాతే 1956లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది, పొగ వదలడం మీద ఆంక్షలుండే స్మోక్ కంట్రోల్ ఏరియాలు పుట్టాయి. లండన్‌లో చాలా భాగం అందులోనే ఉంది, కౌన్సిల్ వాళ్లని అడిగి మీ వీధి సంగతి నిర్ధారించుకోండి. అలాంటిచోట కట్టె కాల్చాలంటే డెఫ్రా (అక్కడి పర్యావరణ శాఖ) మినహాయింపు పొందిన స్టవ్ అయి ఉండాలి, చిమ్నీ నుంచి పొగ వస్తే 300 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. 2022 జనవరి నుంచి కొత్తగా అమ్మకానికి తెచ్చే స్టవ్‌లు ఎకోడిజైన్ ప్రమాణానికి తగ్గట్టు ఉండాలి, అయితే ఎకోడిజైన్ ముద్ర ఉన్నంత మాత్రాన డెఫ్రా మినహాయింపు ఉన్నట్టు కాదు, రెండూ వేరువేరు కాగితాలు, రెండూ అడగండి. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వచ్చిందని పాతది తెచ్చుకోకండి.

ఆ పాత ఇటుక చిమ్నీలోకి నేరుగా పొగ వదలొద్దు, లోపల స్టీలు గొట్టం (లైనర్) దింపించండి. డెఫ్రా మినహాయింపు ఉన్న స్టవ్‌కి 125 మిల్లీమీటర్లది చాలు, ఇరుకు చిమ్నీలో అది పెద్ద వెసులుబాటు. పని కట్టెల స్టవ్ ఫిట్టర్లని నమోదు చేసే సంస్థ హెటాస్‌లో నమోదైన ఫిట్టర్‌తో చేయిస్తే సర్టిఫికెట్ అతనే ఇస్తాడు, లేకపోతే కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్ చుట్టూ మీరే తిరగాలి, ఇల్లు అమ్మేటప్పుడు ఆ కాగితం అడుగుతారు. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. ఏడాదికి ఒకసారైనా చిమ్నీ ఊడ్పించాలి.

కట్టె కొనేటప్పుడు రెడీ టు బర్న్ ముద్ర చూడండి. ఇంగ్లండ్‌లో 2021 మే నుంచి 2 క్యూబిక్ మీటర్ల లోపు అమ్మే కట్టెలో తేమ 20 శాతం దాటకూడదు. రాజమండ్రి మాస్టారికి చెప్పిన సూత్రమే అక్కడ చట్టమైంది!

షోరూమ్ వాళ్లకి తట్టని సంగతి ఒకటి చెబుతాను. మన వంట. పోపు ఘాటుకి కిచెన్‌లో ఎక్స్‌ట్రాక్టర్ ఫుల్లులో పెడతాం కదా, అది ఇంట్లో గాలిని బయటికి లాగేస్తుంది, తలుపులు కిటికీలు బిగించి ఉంటే ఆ లోటు పూడ్చడానికి గాలి చిమ్నీలోంచి కిందికి వస్తుంది, దాంతోపాటు స్టవ్ పొగ కూడా హాల్లోకి. ఫిట్టర్‌కి మీ కిచెన్ ఫ్యాన్ ముందే చూపించి, రెండూ వేసి పొగ పరీక్ష చేయమనండి. స్టవ్ వెలుగుతుండగా చేపల వేపుడు పెట్టుకోవద్దు.

ఇక పాప. చుట్టూ గోడకి బిగించే ఇనప కంచె పెట్టించండి, ఆ అద్దం ముట్టుకుంటే చేయి అంటుకుంటుంది. ఇంకోటి మీవారికి నచ్చదు కానీ చెప్పాలి. ఎంత మంచి ఎకోడిజైన్ స్టవ్ అయినా, అదే వేడికి గ్యాస్ బాయిలర్‌తో పోలిస్తే వందల రెట్లు ఎక్కువ సన్నటి ధూళి వదులుతుంది, అందులో కొంత తలుపు తీసినప్పుడల్లా హాల్లోకే వస్తుంది. పాపకి దగ్గు, పిల్లికూతలు ఉంటే ఈ ఆలోచన మానేయండి. లేకపోతే వారానికి ఒకటి రెండు సాయంత్రాలు, కట్టె పెట్టేటప్పుడు తప్ప తలుపు తీయకుండా. అద్దం తుడవడానికి మందులు కొనకండి, తడి న్యూస్ పేపర్‌ని బూడిదలో అద్ది రుద్దితే చాలు, మన అంట్లు తోమిన పద్ధతే.

కూకట్‌పల్లిలో ఏడో అంతస్తు ఫ్లాట్. బాల్కనీలో చిన్న ఫ్యాన్ పొయ్యి పెట్టుకోవచ్చా? పొగ చాలా తక్కువని వీడియోలో చూశాను. వండాక మిగిలిన బొగ్గు నిప్పులు కుంపట్లో వేసి చలికి గదిలో పెట్టుకోవచ్చు కదా?
*– ఒక ఐటీ ఉద్యోగి, హైదరాబాద్*

రెండూ వద్దు. పొగ మీకు తక్కువే కావచ్చు, ఎనిమిదో అంతస్తు వాళ్ల కిటికీలోకి మొత్తం వెళ్తుంది. బాల్కనీలో ఏసీ యూనిట్, ఎండుతున్న బట్టలు, పైనుంచి వేలాడే ఇంటర్నెట్ వైర్లు ఉంటాయి, నిప్పురవ్వ ఎటు ఎగురుతుందో మీ చేతిలో ఉండదు. అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే మంచిది.

రెండోది మరీ ప్రమాదం. ఎర్రగా కణకణలాడే బొగ్గుకి పొగ ఉండదు కాబట్టి శుభ్రమనుకుంటాం, కానీ కార్బన్ మోనాక్సైడ్ బాగా వచ్చేది అప్పుడే, దానికి వాసన లేదు, రంగు లేదు, తలనొప్పి, మగత, ఆ తర్వాత లేవడం ఉండదు. చలికాలం తలుపులు మూసి కుంపటి పెట్టుకుని పడుకున్న ఇళ్లలో మనుషులు పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. కిటికీ కొంచెం తెరిచి పెడతాను అంటారేమో, దాన్ని నమ్ముకోవద్దు.

మీకు కట్టెల మీద వంట సరదా అంటే పొయ్యి కొని మీ ఊళ్లో ఇంటి దగ్గర ఉంచుకోండి, కార్తీకంలో వనభోజనాలకి పట్టుకెళ్లండి. ఫ్యాన్ పొయ్యే కొంటే బ్యాటరీ పోయినా పవర్ బ్యాంకుతో నడిచేదేమో చూసుకోండి, ఎందుకంటే ఫ్యాన్ ఆగితే అది బాగా పొగ పెడుతుంది.